నవ్వించిన రేలంగి – నిలబడిన సిపాయి

కొన్నాళ్ల క్రితం ఒక సాయంత్రం తాడేపల్లిగూడెం దగ్గరి పల్లెలో ఒక రిటైర్డ్ హవల్దారు గారి ఇంటికి వెళ్లాను. ఆయనకు మోకాళ్ల నొప్పులు. మంచం దిగడమే కష్టం. నేను వెళ్లేసరికి టీవీలో 'నర్తనశాల' సినిమా వస్తోంది. ఉత్తరకుమారుడు అంతఃపురంలో ఆడవాళ్ల మధ్య మీసం దువ్వుతున్నాడు. కాసేపటికి రథమెక్కి యుద్ధానికి బయలుదేరాడు. కౌరవ సేనను దూరం నుంచి చూడగానే చెమటలు పట్టి, రథం దిగి పరుగు లంకించుకున్నాడు. హవల్దారు గారు పకపకా నవ్వారు. నవ్వి నవ్వి కండువాతో కళ్లు ఒత్తుకున్నారు. ఆ తడి నవ్వు వల్ల వచ్చిందో, మరి దేనివల్ల వచ్చిందో నాకు వెంటనే తెలియలేదు.

తరువాత ఆయనే చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన్ను కాశ్మీరు సరిహద్దుకు పంపారట. ఒక రాత్రి అవతలివైపు నుంచి కాల్పులు మొదలయ్యాయి. జీవితంలో మొదటిసారి తన తల మీదుగా గుళ్లు పోతున్న చప్పుడు విన్నారు. చేతులు వణికాయి, కాళ్లు వణికాయి, తుపాకీ పట్టు తప్పుతోంది. పక్కనే ఉన్న సుబేదారు గారు మనవైపు మనిషే. ఆయన తిట్టలేదు, ధైర్యవచనాలూ చెప్పలేదు. ఉత్తరకుమారుడికి బృహన్నల కావాలా అని తెలుగులో, అతి మామూలుగా, కాఫీ కావాలా అన్నట్టు అడిగారట. అంతే. ఆ బంకరులో ఉన్న తెలుగువాళ్లు ముగ్గురూ నవ్వారు. మన హవల్దారు గారికీ నవ్వొచ్చింది. నవ్వు ఆగేసరికి వణుకు ఆగింది. తన మొదటి రాత్రి కూడా అలాగే గడిచిందని సుబేదారు గారు తరువాత ఎప్పుడో చెప్పారట.

ఆ రాత్రి ఆ బంకరులోకి ఉత్తరకుమారుణ్ణి పంపినవారెవరు? మన గోదావరి గడ్డ మీద పుట్టి, తాడేపల్లిగూడెంలో కన్నుమూసిన రేలంగి వెంకట్రామయ్య గారు. ఆయన జీవితాన్ని ఈ వారం కొంచెం తలచుకుందాం.

రేలంగి గారు 1910 ఆగస్టు 9న రావులపాలెం దగ్గరి రావులపాడులో జన్మించారు. అది నేటి కోనసీమ జిల్లాలో ఉంది. పెరిగింది కాకినాడలో. ఆ రోజుల్లో కాకినాడ నాటకాల పట్టణం. అక్కడి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ పేరు వినని కళాభిమాని ఉండడు. తరువాతి కాలంలో తెలుగు సినిమాను ఏలిన ఎస్.వి. రంగారావు గారు, అంజలీదేవి గారు ఆ రంగస్థలం మీద అడుగులు నేర్చుకున్నవారే. రేలంగి గారికీ నాటకాల పిచ్చి అక్కడే పట్టింది. కుర్రతనంలో ఆడవేషాలు కూడా వేశారు. హార్మోనియం చప్పుడు వినిపిస్తే చదువు వెనకబడే వయసది.

1935లో చిత్తజల్లు పుల్లయ్య గారి 'శ్రీకృష్ణ తులాభారం' సినిమాలో ఆయనకు చిన్న వేషం దొరికింది. ఇక జీవితం మారిపోయిందని ఎవరైనా అనుకుంటారు. మారలేదు. పేరు రావడానికి ఇంకా పదమూడేళ్లు పట్టింది. ఆ పదమూడేళ్లూ ఆయన పుల్లయ్య గారి వెంట ఉండి నటీనటులను వెతికిపెట్టారు, నిర్మాణం పనులు చూశారు, ఎవరికీ అక్కర్లేని వేషం మిగిలితే అది వేశారు. సిపాయి భాషలో చెప్పాలంటే అది ఫెటీగ్ డ్యూటీ. పతకాలు రాని పని. కాని పని జరగకపోతే మాత్రం అందరికీ తెలుస్తుంది.

ఆ మధ్యలోనే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మద్రాసు సగం ఖాళీ అయింది. ఫిల్ము దొరకడం కష్టమై, సినిమా పదకొండు వేల అడుగులు మించకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. మన తాడేపల్లిగూడెంలో విమానాల కోసం రన్‌వే వేసింది ఆ యుద్ధకాలంలోనే. గూడెం పక్కనున్న మాధవరం సంగతి మీకు తెలియనిది కాదు. ఆ ఊరివారు రెండు ప్రపంచ యుద్ధాలకూ వెళ్లారు. తరతరాలుగా సైన్యంలో చేరుతున్నారు. అందుకే దాన్ని మిలిటరీ మాధవరం అంటాం. ఒకవైపు ఆ ఊరి కుర్రాళ్లు తెలియని దేశాలకు ఓడలెక్కుతున్నారు. మరోవైపు చిన్న వేషాల కోసం రేలంగి గారు మద్రాసులో ఎదురుచూస్తున్నారు. ఇద్దరి దారులూ తరువాత కలుస్తాయని అప్పుడెవరికి తెలుసు?

1948లో 'వింధ్యరాణి', 1949లో 'కీలుగుర్రం', 'గుణసుందరి కథ' వచ్చాయి. అక్కడి నుంచి ఆయన వెనక్కి చూడలేదు. 1951లో 'పాతాళభైరవి'లో రాజుగారి బావమరిది అయ్యారు. 1955లో 'మిస్సమ్మ'లో దేవయ్య అయ్యారు. 1957లో 'మాయాబజార్'లో లక్ష్మణకుమారుడు అయ్యారు. 1963లో 'నర్తనశాల'లో ఉత్తరకుమారుడు అయ్యారు. మూడు వందలకు పైగా చిత్రాల్లో నటించారు. కొన్నిచోట్ల తన పాట తానే పాడుకున్నారు. బక్కపలచని రమణారెడ్డి గారు పక్కన నిలబడితే, బొద్దుగా ఉండే రేలంగి గారు నోరు విప్పకముందే హాలు నవ్వేది.

ఈ పాత్రలను ఒక్కసారి వరుసగా పెట్టి చూడండి. రాజుగారి బావమరిదిగా దర్జా ఆకాశమంత, ధైర్యం ఆవగింజంత. లక్ష్మణకుమారుడు దుర్యోధనుడి కొడుకు, వీరాధివీరుడి వారసుడు, అద్దం ముందు మాత్రమే వీరుడు. ఉత్తరకుమారుడు యువరాజు, తోడుగా సారథి ఒక్కడుంటే చాలు, కౌరవులందరినీ తానే పడగొడతానన్నవాడు. ముగ్గురూ కత్తి కట్టినవాళ్లే. ముగ్గురికీ భయమే. రేలంగి గారు తెర మీద మళ్లీ మళ్లీ చూపించినది ఒక్కటే: కత్తి పట్టిన చేతికి కూడా వణుకు వస్తుంది.

'నర్తనశాల' వచ్చిన ఏడాదిని గుర్తుంచుకోండి. 1962 అక్టోబరు, నవంబరు నెలల్లో చైనాతో యుద్ధం జరిగింది. మంచుకొండల మీద మన జవాన్లు సరైన దుస్తులు లేకుండా పోరాడారు, చనిపోయారు. దేశం తలవంచుకున్న రోజులవి. మరుసటి ఏడాదే ఈ సినిమా. కొడుకులు సైన్యంలో ఉన్న తల్లులు కూడా హాలుకు వెళ్లి, యుద్ధానికి భయపడి పారిపోయే యువరాజును చూసి నవ్వారు. అది జవాన్లకు అవమానమని ఎవరూ అనలేదు. ఎందుకు? ఈ ప్రశ్న దగ్గర కొంచెం ఆగుదాం.

ఉత్తరకుమారుడి కథను తెలుగులో మనకిచ్చినది తిక్కన సోమయాజి. ఆయన భారతాన్ని విరాటపర్వంతోనే ప్రారంభించారు. ఆ తిక్కన గారికే ఒక దాయాది సోదరుడున్నాడు, ఖడ్గ తిక్కన. నెల్లూరి మనుమసిద్ధి రాజు సేనాని. పశువుల మేత విషయమై కాటమరాజుతో జరిగిన పోరులో సేన చెదిరిపోగా ఈయన ఇంటికి తిరిగి వచ్చాడట. భార్య స్నానానికి మంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద ఉంచిందట. ఆడవాళ్ల స్నానానికి చేసే ఏర్పాటు అది. తల్లి అన్నంలో విరిగిన పాలు పోసిందట. ఆయన ఎత్తిపొడుపు అర్థం చేసుకుని, లేచి మళ్లీ యుద్ధానికి వెళ్లి ప్రాణాలు విడిచాడని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. వీరగాథగా చెప్పుకుంటున్నాం. కాని ఒక గురువుగా నాకు ఆ కథలో అలసిపోయి ఇంటికి వచ్చిన మనిషి కనిపిస్తాడు. ఆయన ఒంటి మీద గాయాలెన్నో ఎవరూ చూడలేదు. ఇంట్లో నవ్వు ఉంది. కాని అది ఆయన్ను చూసి నవ్విన నవ్వు. ఆయనతో కలిసి నవ్వినది కాదు.

ఉత్తరకుమారుడి విషయంలో ఏం జరిగింది? పారిపోతున్నవాణ్ణి బృహన్నల వెంబడించి పట్టుకుంది. మనమందరం నవ్వాం. కాని బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు అతణ్ణి ఇంటికి తరిమేయలేదు, పదిమందిలో పిరికివాడని చాటలేదు. యుద్ధం నేను చేస్తాను, నువ్వు పగ్గాలు పట్టు అని పని మార్చాడు. జమ్మిచెట్టు మీది ఆయుధాలు దింపించాడు. వణికిన చేతులకు పగ్గాలిచ్చాడు. ఆ చేతులే భీష్మద్రోణుల మధ్యకు రథం తోలాయి. తిరిగి వచ్చాక తండ్రి పొంగిపోయి పొగిడితే, గెలిచినది తాను కాదని ఉత్తరకుమారుడు ఒప్పుకున్నాడు. ప్రగల్భాలు పలికిన నోటితోనే నిజం చెప్పాడు. చాలామందికి గుర్తుండని సంగతి మరొకటుంది. కురుక్షేత్రంలో మొదటి రోజునే ఈ ఉత్తరుడు శల్యుడితో పోరాడి నేలకొరిగాడు. ఆ రోజు పారిపోలేదు.

నవ్వుకు రెండు ముఖాలు ఉన్నాయని ఈ రెండు కథలూ చెబుతాయి. ఒక నవ్వు మనిషిని ఒంటరిని చేస్తుంది. మరొకటి తోడు నిలుస్తుంది. భయం అందరికీ ఉందని, అది పాపం కాదని, భయంతోనే పగ్గాలు పట్టుకోవచ్చని ఆ రెండో నవ్వు చెబుతుంది. రేలంగి గారి ఉత్తరకుమారుణ్ణి చూసి మన తల్లులు నవ్వినది ఈ రెండో నవ్వు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివిన రోజుల్లో అరిస్టాటిలు హాస్యాన్ని కూడా సద్గుణాల్లో చేర్చాడని విని మేం ఆశ్చర్యపోయాం. అతిగా వెక్కిరించేవాడికీ, అసలు నవ్వని మొద్దుకూ మధ్య నిలబడేవాడు సమతూకం తెలిసినవాడని ఆయన భావం. పదమూడో శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు గారు ఈ విషయాన్నే చర్చిస్తూ, పునీత యోహాను గారి గురించి ప్రచారంలో ఉన్న ఒక పాత కథను చెప్పారు. ఆయన శిష్యులతో సరదాగా ఉండడం చూసి కొందరు తప్పుపట్టారట. అప్పుడాయన వారిలో ఒక విలుకాణ్ణి పిలిచి బాణాలు వేయమన్నారు. ఆపకుండా వేస్తూనే ఉండగలవా అని అడిగితే, అలా చేస్తే విల్లు విరిగిపోతుందని అతడు జవాబిచ్చాడు. మనసు కూడా అంతేనని ఆయన బోధించారట. మన తిక్కన గారూ ఆ శతాబ్దంవారే. ఒకరు ఇటలీలో, ఒకరు నెల్లూరులో. ఇద్దరికీ విల్లు సంగతి తెలుసు.

సిపాయి విల్లు ఎప్పుడూ ఎక్కుపెట్టే ఉంటుంది. యుద్ధం ఏడాది పొడవునా ఉండదు. కాని కాపలా ఉంటుంది. నిద్ర చాలదు. సెలవు మంజూరు కాదు. ఇంట్లో పొలం గట్టు తగాదా, చెల్లెలి పెళ్లి, తండ్రి జబ్బు అన్నీ ఫోనులో వినాలి, ఏమీ చేయలేడు. సియాచిన్ మంచు మీద 1984 నుంచి మన సైన్యం కాపలా కాస్తోంది. అక్కడ గుళ్ల కన్నా చలి, మంచుచరియలే ఎక్కువమందిని పొట్టనబెట్టుకున్నాయి. అటువంటి చోట శత్రువు కనిపించడు, తిట్టుకోవడానికీ ఎవరూ ఉండరు. అక్కడ సిపాయికి అందుబాటులో ఉండేది పక్కవాడి మాట. అందుకే బ్యారక్కుల్లో అందరికీ ముద్దుపేర్లుంటాయి. అందుకే బడా ఖానా రోజున ఆఫీసర్లూ జవాన్లూ కలిసి భోజనం చేస్తారు, పాటలూ అనుకరణలూ నడుస్తాయి. వివిధభారతి సైనిక సోదరుల కోసం జయమాల కార్యక్రమాన్ని ఏళ్ల తరబడి వినిపించింది ఇందుకే.

ఇది మన దేశపు సంగతే కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలోని ఈప్ర్ పట్టణం శిథిలాల్లో బ్రిటిషు సైనికులకు వదిలేసిన ముద్రణ యంత్రం ఒకటి దొరికింది. 1916లో వారు దానిమీద ఒక హాస్య పత్రిక అచ్చు వేయడం మొదలుపెట్టారు. ఫిరంగులు మోగుతున్నా, తమ బురద కందకాల మీద తామే జోకులు వేసుకున్నారు. 1918 అక్టోబరులో చార్లీ చాప్లిన్ ఒక చేతకాని సిపాయిగా నటించిన 'షోల్డర్ ఆర్మ్స్' సినిమా వచ్చింది. యుద్ధం ఇంకా ముగియలేదు. నవ్వులాట వద్దని కొందరు మిత్రులు హెచ్చరించారు. సైనికులే ఆ సినిమాను అందరికన్నా ఎక్కువ ఇష్టపడ్డారు. నాజీల నిర్బంధ శిబిరాల్లో బతికి బయటపడిన మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్, అక్కడ హాస్యం ఆత్మరక్షణకు ఒక ఆయుధమైందని తరువాత రాశారు. తనను బాధిస్తున్న దానిని చూసి నవ్వగలిగినవాడు, క్షణంపాటైనా, దానికి పైన నిలబడతాడు. అదే నవ్వు చేసే పని. కష్టం పోదు. కష్టానికీ మనిషికీ మధ్య ఒక బెత్తెడు జాగా దొరుకుతుంది. ఆ జాగాలో ఊపిరి తీసుకోవచ్చు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను గురువునైన కొత్తలో ఒక విచారణలో పనిచేశాను. అక్కడ ఒక మాజీ సైనికుడు ఉండేవాడు. గుడికి వచ్చి వెనక నిలబడేవాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, సాయంత్రమైతే తాగేవాడు. ఊరి పిల్లలు అతని నడకను అనుకరించి నవ్వేవారు. నేను పిల్లల్ని మందలించలేదు. పైగా ఒక ఆదివారం ప్రసంగంలో తాగుడు గురించి అతని వైపే చూస్తూ మాట్లాడాను. జనం నవ్వారు. అతను బయటకు వెళ్లిపోయాడు. ఏడాది తిరగకుండానే అతని సమాధి దగ్గర ప్రార్థన చెప్పవలసి వచ్చింది. అతను ఏ సరిహద్దులో ఏం చూశాడో నేను ఒక్కసారీ అడగలేదు. ఆ రోజు గుడిలో వినిపించిన నవ్వు ఖడ్గ తిక్కన ఇంటి నవ్వు. దానికి కారణం నేను. హవల్దారు గారి ఇంట్లో కూర్చున్నప్పుడు నాకు గుర్తొచ్చినది ఆ మనిషే.

తిరిగి రేలంగి గారి దగ్గరకు వద్దాం. పేరు, డబ్బు వచ్చాక కూడా ఆయన గోదావరి జిల్లాలను వదులుకోలేదు. తాడేపల్లిగూడెంలో తన పేరుతో రేలంగి చిత్రమందిర్ అనే సినిమా హాలు కట్టారు. 1970లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. తెలుగు హాస్యనటుల్లో ఆ గౌరవం మొదట దక్కినది ఆయనకే. రాజుగారి బావమరిదిగా, తన్నులు తినే యువరాజుగా తనను తాను చిన్నబుచ్చుకుంటూ వచ్చిన మనిషిని దేశం అలా పెద్ద చేసింది.

చివరి రోజుల్లో ఆరోగ్యం దెబ్బతిన్నది. వేషాలు తగ్గాయి. జంటగా నవ్వించిన రమణారెడ్డి గారు 1974లో వెళ్లిపోయారు. మరుసటి ఏడాది, 1975 నవంబరు 27న, తాడేపల్లిగూడెంలో రేలంగి గారు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు అరవై అయిదు. ఆయన పోయి ఇన్నేళ్లయినా, ఏదో ఒక ఇంట్లో ఉత్తరకుమారుడు ఇంకా పరుగెడుతూనే ఉన్నాడు, ఇంకా పట్టుబడుతూనే ఉన్నాడు.

ప్రియ పాఠకులారా, మన విచారణల్లో సైన్యంలో పనిచేసేవారున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లవారికి నాలుగు మాటలు. అబ్బాయి ఫోను చేసినప్పుడు అప్పులూ తగాదాలూ మాత్రమే చెప్పకండి. దూడ తాడు తెంపుకుని పంతులుగారి పెరట్లో పడిన సంగతి, తాతయ్య కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికిన సంగతి కూడా చెప్పండి. అది విని అతను నవ్వితే, ఆ రాత్రి కాపలా కొంచెం తేలికవుతుంది. సెలవుకు వచ్చినప్పుడు ఎంతమందిని కాల్చావని అడగకండి. పిరికితనం గురించి, ధైర్యం గురించి ఎకసెక్కాలాడకండి. అతనే నవ్వుతూ ఏదైనా చెబితే, కలిసి నవ్వండి. ఒక్కటి మాత్రం మరవకండి. నవ్వు విల్లును సడలిస్తుంది కాని, విరిగిన విల్లును అతికించలేదు. అతను నెలల తరబడి నిద్రపోకపోయినా, మాట మానేసినా, తాగుడులో పడినా, బతకడం వృథా అన్నట్టు మాట్లాడినా, అది అలుసుగా తీసుకోవలసిన విషయం కాదు. వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి. పక్కన ఎవరో ఒకరు ఉండండి. నేను చేసిన పొరపాటు మీరు చేయకండి.

ఆ సాయంత్రం సినిమా అయిపోయాక హవల్దారు గారి మనవడు కాలేజీ నుంచి వచ్చాడు. సైన్యంలో చేరడానికి పరుగు పందెం సాధన చేస్తున్నాడట. రోజూ తెల్లవారుజామున పరుగెత్తి వస్తున్నానని గొప్పగా చెప్పాడు. తాతగారు వాణ్ణి ఎగాదిగా చూసి, ఏ దిక్కుకు పరుగెడుతున్నావో చూసుకోమన్నారు. వాడికి మొదట అర్థం కాలేదు. తరువాత టీవీ వైపు చూసి నవ్వాడు. వాడు మంచం మీద తాతగారి పక్కన కూర్చుంటే, నేను సెలవు తీసుకున్నాను.